వైరు లేని గేమ్ కంట్రోలర్: లాభమెంత, నష్టమెంత?

సోయాబీన్, పత్తి అమ్మిన డబ్బు చేతికి వచ్చే రోజులు, దీపావళి సెలవులు ఇంచుమించు ఒకే కాలంలో వస్తాయి. సరిహద్దు గ్రామాల పిల్లలు తల్లిదండ్రులను అడిగే వస్తువులలో ఇప్పుడు వీడియో గేమ్ కంట్రోలర్ కూడా చేరింది. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్, భోకర్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఇటువంటి వస్తువుల కోసం ఒకవైపు నాందేడ్‌లోని వజీరాబాద్ బజారుకు, మరొకవైపు బోధన్, నిజామాబాద్ దుకాణాలకు వెళ్తుంటాయి. ఇంటి నుండే ఇంటర్‌నెట్ ద్వారా తెప్పించుకునేవారూ ఉన్నారు. ఎక్కడ కొన్నా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: వైరు ఉన్నది తీసుకోవాలా, వైరు లేనిది తీసుకోవాలా?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినా, డబ్బు విషయంలో చిన్నది కాదు. కంప్యూటర్‌కు తగిలించే సాధారణ వైరు కంట్రోలర్ కొన్ని వందల రూపాయలకే లభిస్తుంది. సోనీ, మైక్రోసాఫ్ట్ వంటి పెద్ద సంస్థల వైర్‌లెస్ కంట్రోలర్ ఒక్కదానికే ఐదు వేల రూపాయలకు పైగా వెచ్చించవలసి ఉంటుంది. అంత డబ్బు పెట్టే ముందు ఆ సౌకర్యం తమ ఇంటికి ఎంతవరకు అవసరమో తెలుసుకోవడం మంచిది.

పేరు, పరిచయం

ఆట ఆడేటప్పుడు రెండు చేతులతో పట్టుకుని, బొటనవేళ్లతో మీటలు నొక్కే పరికరమే గేమ్ కంట్రోలర్. దీనినే గేమ్‌ప్యాడ్ అని, జాయ్‌స్టిక్ అని కూడా పిలుస్తారు. పల్లెల్లో చాలామంది దీనిని 'గేమ్ రిమోట్' అనే అంటారు. మరాఠీలో వైర్‌లెస్‌ను 'బిన్‌తారీ' అంటారు. తెలుగులో 'నిస్తంత్రి' అన్న పదం ఉన్నప్పటికీ వాడుకలో 'వైర్‌లెస్' అన్న మాటే స్థిరపడింది. ఈ పరికరాలతో వచ్చే సూచనల పుస్తకంలో తెలుగు గాని మరాఠీ గాని సాధారణంగా ఉండదు. అందువల్ల పిల్లలు చెప్పిందే పెద్దలు నమ్మవలసి వస్తోంది.

వైరు నుండి తరంగాల దాకా

ఇంట్లో టీవీకి తగిలించి ఆడే తొలి వీడియో గేమ్ యంత్రం 'మాగ్నవాక్స్ ఒడిస్సీ' 1972లో అమెరికాలో వెలువడింది. దాని కంట్రోలర్లకు వైర్లు ఉండేవి. ఆ తరువాత సుమారు ముప్పై ఏళ్లు వైరే సర్వసాధారణంగా కొనసాగింది. వైరు లేకుండా చేసే ప్రయత్నాలు మధ్యలో జరిగాయి. కొన్ని టీవీ రిమోట్ మాదిరిగా కంటికి కనిపించని కాంతితో పనిచేసేవి. మధ్యలో ఎవరైనా నడిచినా, కంట్రోలర్‌ను పక్కకు తిప్పినా సంకేతం తెగిపోయేది.

2002లో నింటెండో సంస్థ 'వేవ్‌బర్డ్' అనే కంట్రోలర్‌ను విడుదల చేసింది. అది రేడియో తరంగాలతో పనిచేసేది కనుక యంత్రానికి ఎదురుగా పట్టుకోవలసిన అవసరం లేకపోయింది. అయితే బ్యాటరీ ఎక్కువ కాలం రావడానికి, చేతిలో కంపనం కలిగించే మోటారును అందులో పెట్టలేదు. 2005లో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360, 2006లో సోనీ వారి ప్లేస్టేషన్ 3 వచ్చిన తరువాత వైర్‌లెస్ కంట్రోలర్లు మామూలు విషయమయ్యాయి. మన దేశంలో ఎక్స్‌బాక్స్ 360 అమ్మకాలు 2006లోను, ప్లేస్టేషన్ 5 అమ్మకాలు 2021 ఫిబ్రవరిలోను మొదలయ్యాయి.

వైర్‌లెస్ అంటే ప్రభుత్వ అనుమతి కావాలేమోనని కొందరు సందేహిస్తారు. కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలో 2.4 నుండి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు గల తరంగాలను తక్కువ శక్తితో వాడే పరికరాలకు లైసెన్సు అవసరం లేకుండా చేసింది. బ్లూటూత్, వైఫై, గేమ్ కంట్రోలర్లు ఈ తరంగాలనే వాడుకుంటాయి. కాబట్టి వాడేవారు ప్రత్యేకంగా ఏ అనుమతీ పొందనక్కరలేదు.

పనిచేసే విధానం

వైర్‌లెస్ కంట్రోలర్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది బ్లూటూత్ రకం. ఇది ఫోన్, స్మార్ట్ టీవీ, ల్యాప్‌టాప్, ప్లేస్టేషన్ వంటి వాటితో నేరుగా జత అవుతుంది. రెండవది డాంగిల్ రకం. వేలి గోరంత యూఎస్‌బీ ముక్కను టీవీకో కంప్యూటర్‌కో పెట్టాలి. కంట్రోలర్ దానితో మాత్రమే మాట్లాడుతుంది. ఆ ముక్క పోతే చాలా కంట్రోలర్లు నిరుపయోగమవుతాయి. చవకగా లభించే వైర్‌లెస్ కంట్రోలర్లలో ఈ రకమే ఎక్కువ. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ ముక్క నోటిలోకి పోయే ప్రమాదం కూడా ఉంది.

సాధారణ బ్లూటూత్ పరికరం సుమారు 10 మీటర్ల వరకు పనిచేస్తుంది. మన ఇళ్లలో టీవీకి, కూర్చునే చోటుకు మధ్య అంత దూరం ఉండదు. అయితే ఈ తరంగాలను నీరు పీల్చుకుంటుంది. మనిషి శరీరంలో నీరే అధికం కాబట్టి టీవీకి అడ్డంగా నలుగురు కూర్చుంటే సంకేతం బలహీనపడవచ్చు. ఆట యంత్రాన్ని ఇనుప బీరువాలోనో రేకు అరలోనో పెట్టినా ఇదే ఇబ్బంది వస్తుంది. పక్కపక్కన అనేక వైఫైలు ఉండే నాందేడ్ నగర అపార్ట్‌మెంట్లతో పోలిస్తే, గ్రామాలలో తరంగాల రద్దీ తక్కువ. ఈ విషయంలో పల్లెవాసులకే అనుకూలత ఎక్కువ.

లాభాలు

మొదటి లాభం భద్రత. ఒకే గదిలో టీవీ, వంట, పడక అన్నీ ఉండే ఇంట్లో నేలమీద సాగిన వైరు కాలికి తగిలి వృద్ధులు, పసిపిల్లలు పడే అవకాశం ఉంది. వైరు లాగితే యంత్రమే బల్ల మీద నుండి కింద పడవచ్చు. ఈ ప్రమాదాన్ని గుర్తించే 2001 నాటి తొలి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ వైరు మధ్యలో, గట్టిగా లాగితే ఊడిపోయే అతుకును పెట్టారు. వైర్‌లెస్‌లో ఈ సమస్యే లేదు.

రెండవది దూరం. పొట్టి వైరు ఉంటే పిల్లలు టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటారు. వైరు లేకపోతే వెనుకకు జరిగి, గోడకు ఆనుకుని కూర్చోవచ్చు.

మూడవది బహుళ ప్రయోజనం. ఒకే బ్లూటూత్ కంట్రోలర్‌ను టీవీకి, ఫోన్‌కు, ల్యాప్‌టాప్‌కు మార్చి మార్చి వాడుకోవచ్చు. ఆపిల్ ఫోన్లు కూడా 2019 నుండి ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లను అంగీకరిస్తున్నాయి.

నాలుగవది, పెద్దగా చర్చకు రానిది, దివ్యాంగులకు కలిగే మేలు. హైదరాబాద్‌లో జన్మించిన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ 2018 సెప్టెంబరులో 'ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్'ను విడుదల చేసింది. దీనిపై రెండు పెద్ద మీటలు ఉంటాయి. వేళ్లు సరిగా కదలని పిల్లలు అరచేతితోనో మోచేతితోనో నొక్కవచ్చు. కాలితో నొక్కే మీటలను కూడా దీనికి తగిలించవచ్చు. వైర్‌లెస్ కావడం వల్ల మంచం మీద, చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డ ఒడిలోనే దీనిని ఉంచవచ్చు. సోనీ సంస్థ 2023లో 'యాక్సెస్' పేరుతో ఇటువంటి కంట్రోలర్‌నే తెచ్చింది.

నష్టాలు

అన్నింటికంటే ముఖ్యమైనది బ్యాటరీ. వైరు కంట్రోలర్‌కు విద్యుత్తు యంత్రం నుండే అందుతుంది. వైర్‌లెస్‌కు సొంత బ్యాటరీ కావాలి. ఎక్స్‌బాక్స్ రకానికి రెండు పెన్సిల్ సెల్లు వేస్తారు. కొత్త కంట్రోలర్‌కు గరిష్ఠంగా 40 గంటల వరకు వస్తాయని సంస్థ చెబుతుంది. ప్లేస్టేషన్ రకంలో లోపల బిగించిన లిథియం బ్యాటరీ ఉంటుంది. దానిని మాటిమాటికి ఛార్జి చేయాలి.

సెల్లు వేసే రకంలో ఖర్చు మెల్లగా పెరుగుతుంది. రోజుకు ఒక గంట ఆట, రెండు సెల్లకు 30 గంటలు అని లెక్క వేసుకుంటే సంవత్సరానికి దాదాపు 24 సెల్లు అవసరమవుతాయి. చవక సెల్లు అంతకంటే త్వరగా అయిపోతాయి. వాడకుండా లోపలే వదిలేస్తే కారిపోయి స్ప్రింగులను తినివేస్తాయి. మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునే సెల్లు నాలుగు, వాటి ఛార్జరు ఒకేసారి కొనుక్కుంటే ఈ ఖర్చు చాలావరకు తప్పుతుంది.

లోపల బిగించిన లిథియం బ్యాటరీ కాలక్రమేణా క్షీణిస్తుంది. వేడి దానికి శత్రువు. నాందేడ్ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది; అటువంటప్పుడు రేకుల కప్పు కింద, కిటికీ ఎండలో కంట్రోలర్‌ను వదిలేయరాదు. పరీక్షల కాలంలో నెలల తరబడి మూలన పెట్టదలచుకుంటే పూర్తిగా ఖాళీ చేయకుండా, సగం వరకు ఛార్జి చేసి చల్లని చోట ఉంచాలి. బ్యాటరీ ఉబ్బినట్లు కనిపిస్తే, అంటే కంట్రోలర్ అతుకులు విచ్చుకుంటే, ఛార్జి చేయడం వెంటనే ఆపివేయాలి.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా ఆడుకోవచ్చని పిల్లలు వాదిస్తారు. కరెంటు పోతే టీవీ, ఆట యంత్రం ఆగిపోతాయి. ఇన్వర్టర్ లేని ఇంట్లో ఛార్జి ఉన్న కంట్రోలర్ ఒక్కటే ఉండి ప్రయోజనం లేదు.

రెండవ నష్టం ఆలస్యం. మీట నొక్కిన తరువాత తెరమీద బొమ్మ కదలడానికి పట్టే కాలమిది. చాలా ఆటలు సెకనుకు 60 చిత్రాలు చూపుతాయి. ఒక్కో చిత్రం సుమారు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. మంచి వైర్‌లెస్ కంట్రోలర్ వల్ల కలిగే అదనపు ఆలస్యం కొద్ది మిల్లీసెకన్లే. సరదాగా ఆడేవారికి అది తెలియదు. నాసిరకం వాటిలో ఆలస్యం పెరగడమే కాక, ఒక్కోసారి నొక్కినది నమోదు కాదు. నిజానికి పెద్ద ఆలస్యం చాలాసార్లు టీవీ వల్లనే వస్తుంది. బొమ్మను మెరుగుపరిచే క్రమంలో టీవీ పదుల మిల్లీసెకన్లు తీసుకుంటుంది. టీవీ సెట్టింగులలో 'గేమ్ మోడ్' పెడితే అది తగ్గుతుంది. కొత్త కంట్రోలర్ కొనిపెట్టమని పిల్లవాడు పట్టుబట్టే ముందు ఈ పైసా ఖర్చు లేని పని చేసి చూడాలి.

డాంగిల్ రకంలో మరొక చిక్కు ఉంది. కంప్యూటర్‌లోని యూఎస్‌బీ 3.0 పోర్టు, అంటే సాధారణంగా లోపల నీలం రంగులో కనిపించేది, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు ఆటంకం కలిగిస్తుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే ఈ విషయాన్ని వివరించింది. డాంగిల్‌ను వేరే పోర్టుకు మార్చినా, చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టినా చాలావరకు సమస్య తీరుతుంది.

ఇక బొటనవేలితో తిప్పే పుల్లలు అరిగి, తాకకపోయినా బొమ్మ దానంతట అదే కదలడం వైరు, వైర్‌లెస్ రెండింటికీ ఉన్న రోగమే. అయస్కాంతంతో పనిచేసే 'హాల్ ఎఫెక్ట్' పుల్లలు గల కంట్రోలర్లలో ఆ విధమైన అరుగుదల ఉండదు. దుమ్ము ఎక్కువగా ఉండే ఇళ్లవారు ఈ మాట దుకాణదారును అడిగి తెలుసుకోవడం మంచిది.

ఫోన్‌కు జోడించేటప్పుడు

సరిహద్దు గ్రామాలలో గేమ్ యంత్రాలకంటే ఫోన్లే ఎక్కువ. కంట్రోలర్ కొంటే ఫోన్‌లోని ప్రతి ఆటా దానితో ఆడవచ్చని పిల్లలు భావిస్తారు. అది నిజం కాదు. తెరను వేలితో తాకి ఆడేందుకు రూపొందించిన ఆటలెన్నో కంట్రోలర్‌ను అంగీకరించవు. పిల్లవాడు ఆడే ఆట ఏది, అది కంట్రోలర్‌ను అంగీకరిస్తుందా అన్నది కొనడానికి ముందే చూసుకోవాలి.

అంగీకరించని ఆటలను బలవంతంగా ఆడించడానికి కొన్ని యాప్‌లు దొరుకుతాయి. ఇవి కంట్రోలర్ మీటను వేలి స్పర్శగా మార్చి చూపుతాయి. అందుకోసం వాటిలో కొన్ని 'యాక్సెసిబిలిటీ' అనుమతి అడుగుతాయి. ఆ అనుమతి పొందిన యాప్ తెరమీద ఉన్నది చదవగలదు, యజమాని తరఫున మీటలు నొక్కగలదు. తండ్రి ఫోన్‌లోనే పంట డబ్బు జమ అయ్యే బ్యాంకు యాప్, యూపీఐ ఉంటాయి. ఊరూపేరూ లేని యాప్‌కు అటువంటి ఫోన్‌లో ఈ అనుమతి ఇవ్వడం ఇంటి తాళం చెవి అపరిచితుడి చేతిలో పెట్టడమే. పైగా ఇటువంటి యాప్ వాడితే ఆట నిర్వాహకులు ఖాతాను రద్దు చేసే అవకాశం కూడా ఉంది. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవడం మరొక అవసరమైన జాగ్రత్త.

కిరణాల భయం

'వైరు లేదంటే కిరణాలు వస్తాయి, పిల్లల ఒంటికి మంచిది కాదు' అని పెద్దలు ఆందోళన చెందుతుంటారు. సాధారణ బ్లూటూత్ పరికరం వెలువరించే గరిష్ఠ శక్తి 2.5 మిల్లీవాట్లు. 4జీ ఫోన్ గరిష్ఠంగా సుమారు 200 మిల్లీవాట్లు వెలువరించగలదు. అంటే 80 రెట్లు ఎక్కువ. ఫోన్ చెవికి ఆనుతుంది, కంట్రోలర్ చేతుల్లో ఉంటుంది. ఈ కారణంగా వైర్‌లెస్‌ను వద్దనుకోనవసరం లేదు.

ఎవరికి ఏది తగును?

• కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆడేవారికి వైరు కంట్రోలర్ చాలు. ధర తక్కువ, బ్యాటరీ చింత లేదు.

• టీవీకి దూరంగా కూర్చునే ఇంటికి, నడవడం నేర్చుకునే బిడ్డలు, వృద్ధులు ఉన్న ఇంటికి వైర్‌లెస్ మేలు.

• దివ్యాంగులైన పిల్లలకు వైర్‌లెస్ ఖర్చు సార్థకమవుతుంది.

• ఇద్దరు పిల్లలున్న చోట ఒకటి వైర్‌లెస్, ఒకటి వైరుది కొంటే ఒకరి బ్యాటరీ అయిపోయినా ఆట ఆగదు.

• ఒకటే కొనగలిగినవారు, అవసరమైనప్పుడు వైరుతో కూడా ఆడించే వైర్‌లెస్ కంట్రోలర్‌ను ఎంచుకోవాలి. బ్యాటరీ పాడైనా అది పనికివస్తుంది. ప్లేస్టేషన్ 4, 5 యంత్రాలలో కంట్రోలర్ సెట్టింగులకు వెళ్లి యూఎస్‌బీ కేబుల్ ద్వారా పనిచేసేలా మార్చుకోవచ్చు. కొన్ని చవక కేబుళ్లు ఛార్జి మాత్రమే చేస్తాయి, సంకేతాలను మోయవు. వాటితో ఈ పని జరగదు.

సరిహద్దు కొనుగోలుదారుల హక్కు

పెట్టెమీద గరిష్ఠ చిల్లర ధర, దిగుమతిదారు పేరు, ఫిర్యాదు కోసం ఫోన్ నంబరు ఉన్నాయో లేవో మొదట చూడాలి. ఇవేవీ లేకుండా, పేరుమోసిన సంస్థ ముద్రతో సగానికంటే తక్కువ ధరకు వస్తే అది నకిలీ కావచ్చు. గేమ్ యంత్రం కొనేటప్పుడు బీఐఎస్ ముద్ర, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య చూడాలి; ఆ సంఖ్య సరైనదో కాదో 'బీఐఎస్ కేర్' యాప్‌లో పరిశీలించవచ్చు.

నిజామాబాద్‌లో కొన్న వస్తువు దెగ్లూరులో పాడైతే ఏమి చేయాలన్నది సరిహద్దు కుటుంబాల ప్రత్యేక సమస్య. 1986 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం అమ్మినవారు ఉన్న చోటనో, వివాదం పుట్టిన చోటనో ఫిర్యాదు చేయవలసి వచ్చేది. ఒక కంట్రోలర్ కోసం రాష్ట్రం దాటి తిరిగే ఓపిక ఎవరికి ఉంటుంది? 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి కొత్త చట్టం ఈ ఇబ్బందిని తొలగించింది. దాని 34వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. అంటే తెలంగాణలో కొన్న వస్తువుపై నాందేడ్ జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. మద్నూరు, భైంసా వాసులు నాందేడ్‌లో కొన్నా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము లేదు. రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. అంతకుముందు జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేసి ప్రయత్నించవచ్చు. వీటన్నిటికీ బిల్లు ఆధారం. నూరో రెండు నూర్లో తగ్గుతాయని బిల్లు లేకుండా కొంటే ఈ హక్కును నిలబెట్టుకోవడం కష్టం.

పాడైన కంట్రోలర్‌ను, బ్యాటరీని చెత్తకుప్పలో వేయడం, మంటలో పడవేయడం ప్రమాదకరం. లిథియం బ్యాటరీ మంటలో పేలవచ్చు. 2022లో కేంద్రం జారీ చేసిన నిబంధనలు పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. పట్టణానికి వెళ్లినప్పుడు వాటిని సేకరించే దుకాణంలోనో కేంద్రంలోనో ఇవ్వాలి.

పిల్లలు, సమయం

వైరు కంట్రోలర్ పిల్లవాడిని టీవీ ఉన్న గదిలోనే ఉంచుతుంది. ఏమి ఆడుతున్నాడో, ఎంతసేపు ఆడుతున్నాడో ఇంటివారికి కనిపిస్తుంది. ఫోన్‌కు జత అయ్యే వైర్‌లెస్ కంట్రోలర్ మిద్దె మీదికి, దుప్పటి కిందికి కూడా వెళ్లగలదు. కాబట్టి కొన్న రోజునే కొన్ని నియమాలు పెట్టుకోవాలి. ఆట నలుగురూ ఉండే గదిలోనే సాగాలి. రాత్రి కంట్రోలర్, ఫోన్ రెండూ పెద్దల దగ్గర ఛార్జింగ్‌లో ఉండాలి. బ్యాటరీ అయిపోతే ఆనాటికి ఆట అయిపోయినట్లే అన్న కట్టడి కూడా కొన్ని ఇళ్లలో బాగా పనిచేస్తుంది.

రెండు నుండి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంటకు మించరాదని, రెండేళ్ల లోపు వారికి అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆటపై అదుపు కోల్పోవడం, చదువు, నిద్ర, తిండి అన్నింటికంటే ఆటే ముఖ్యం కావడం, హాని జరుగుతున్నా మానలేకపోవడం అనే లక్షణాలను ఆ సంస్థ 'గేమింగ్ డిజార్డర్'గా గుర్తించింది. ఈ వర్గీకరణ 2022 జనవరి నుండి అమలులో ఉంది. సాధారణంగా ఏడాది పాటు ఈ లక్షణాలు కొనసాగితేనే వ్యాధిగా నిర్ధారిస్తారు కనుక, సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువగా ఆడిన బిడ్డను రోగి అనడం తగదు. నిజంగా ఆందోళన కలిగితే కేంద్ర ప్రభుత్వ 'టెలీ మానస్' నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవ తెలుగు, మరాఠీ భాషలు రెండింటిలోనూ లభిస్తుంది.

మొత్తం మీద వైర్‌లెస్ కంట్రోలర్ చెడ్డ వస్తువు కాదు, ప్రతి ఇంటికీ తప్పనిసరి వస్తువూ కాదు. బజారుకు బయలుదేరే ముందు మూడు విషయాలు ఇంట్లోనే తేల్చుకోవాలి: పిల్లవాడు ఆడే ఆట దానిని అంగీకరిస్తుందా, అవసరమైతే వైరుతో పనిచేస్తుందా, దుకాణదారు బిల్లు ఇస్తాడా? మూడింటికీ అవునన్న జవాబు వస్తేనే ఐదు వేలు తీయాలి. రాకపోతే ఈ ఏటికి వైరుదే కొని, మిగిలిన డబ్బు దాచుకోవడం ఉత్తమం.